కార్వెట్టు పుట్టే ఊరు

అమెరికాలో టెన్నెసీ రాష్ట్ర రాజధానియైన నాష్‌విల్ నుండి ఉత్తరముగా పోయే పెద్ద రహదారి మీద సుమారు 65 మైళ్లు, అనగా మన లెక్కలో నూరు కిలోమీటర్లు దాటి ప్రయాణము చేస్తే కెంటకీ రాష్ట్రములోని బౌలింగ్ గ్రీన్ అనే ఊరు వస్తుంది. దారి పొడుగునా మెత్తని దిబ్బల వంటి చిన్న కొండలు, గడ్డి మేసే నల్ల ఆవులు, అక్కడక్కడ పొగాకు బేరన్లు కనబడతాయి. మాది ప్రకాశం జిల్లా గనుక ఈ బేరన్లను చూచి ప్రాణము లేచి వచ్చింది. అయితే మన బేరన్లలాగా గొట్టాల వేడితో ఆకును పండించే పద్ధతి ఈ ప్రాంతములో లేదు. ఎక్కువ భాగము ఆకును గాలికి ఆరబెడతారు. కొన్ని బేరన్లలో మాత్రము నేల మీద కట్టెలు పేర్చి సన్నని పొగ పెడతారు. శరదృతువులో రేకుల సందులలో నుండి ఆ పొగ బయటికి వస్తూ ఉంటే క్రొత్తవారు బేరను అంటుకొన్నదనుకొని కంగారు పడతారట. మేము కూడ పడ్డాము.

ఈ నేల క్రింద అంతా సున్నపురాయి. వాన నీరు గాలిలో నుండి, మట్టిలో నుండి బొగ్గుపులుసు వాయువును తీసుకొని కొంచెము పులుపెక్కి, రాతి పగుళ్లలోకి దిగి, వేల సంవత్సరాలుగా రాతిని కరిగించుకొంటూ పోతుంది. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను చూచినవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. బెలుం గుహల పొడవు మూడు కిలోమీటర్ల చిల్లర. బౌలింగ్ గ్రీన్‌కు దగ్గరలోనే ఉన్న మామత్ కేవ్ అనే గుహలలో ఇంతవరకు కొలిచిన దారుల పొడవు 420 మైళ్లు దాటింది. లోకములో తెలిసిన గుహలలో అదే అన్నిటికంటె పొడవైనది. ఊరి క్రింద కూడ ఏర్లు, గుహలు ఉన్నాయి. పైన ఇళ్లు, బడులు, దుకాణాలు ఉన్నాయి. ఒక కారు ఫ్యాక్టరీ కూడ ఉన్నది. ఈ వ్యాసము ఆ కారును గూర్చినది.

ఆ కారు పేరు కార్వెట్టు. షెవ్రొలే కంపెనీవారిది. 1981 నుండి ఈ కారు ఈ ఊరిలో తయారగుచున్నది. ఇద్దరే కూర్చునేది, నేలకు బాగా దగ్గరగా ఉండేది, వేగమునకు పెట్టింది పేరు. మన పల్లెలలో గోతుల రోడ్డు మీద ఇది పది గజాలు పోదని చూడగానే తెలుస్తుంది. అయినను అమెరికావారు దీనిని చూచే చూపు వేరు. పెట్రోలు బంకులో ఒక పాత కార్వెట్టు ఆగితే చాలు, ముక్కు మొగము తెలియనివారు వచ్చి దాని చుట్టూ తిరిగి, యజమానితో పది నిమిషాలు మాట్లాడి పోతారు.

దీని పుట్టుక విచిత్రముగా ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధమునకు ఐరోపాకు వెళ్లిన అమెరికా సైనికులు అక్కడి చిన్న చిన్న టాపులేని కార్లను చూచి ముచ్చటపడి కొందరు వెంట తెచ్చుకొన్నారు. అటువంటిది మనమే చేస్తే బాగుండునని జనరల్ మోటార్స్ కంపెనీ డిజైన్ల పెద్ద హార్లీ ఎర్ల్ తలచాడు. 1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటలులో జరిగిన ప్రదర్శనలో నమూనా కారును పెడితే జనము విరగబడి చూచారు. ఆ సంవత్సరము జూన్ 30న మిచిగన్ రాష్ట్రములోని ఫ్లింట్ పట్టణములో తయారీ మొదలైనది. ఆ ఏడాది చేసినవి 300 మాత్రమే. అన్నిటికి ఒకే రంగు: పైన తెలుపు, లోపల ఎరుపు, నల్ల గుడ్డ టాపు. బాడీకి ఇనుప రేకు వాడలేదు, ఫైబర్‌గ్లాస్ వాడారు. మన సముద్రతీరములో చేపలవారి ఫైబరు పడవలు చూచారు గదా, అదే జాతి వస్తువు. గాజు నార మీద జిగురు వంటి ద్రవము పోసి అచ్చులో గట్టిపరుస్తారు. తుప్పు పట్టదు. కాని దెబ్బ తగిలితే సొట్ట పడదు, పగులుతుంది.

చూపులకు అందముగా ఉన్నది గాని నడకలో అంత గొప్పది కాదు. ఆరు సిలిండర్ల ఇంజను, రెండే గేర్లు, అవి కూడ ఆటోమాటిక్. తలుపులకు బయట పిడులు లేవు, కిటికీలకు ఎక్కించి దించే అద్దాలు లేవు. 1954లో తయారీని మిస్సోరీ రాష్ట్రములోని సెయింట్ లూయీకి మార్చి 3,640 కార్లు చేశారు. వాటిలో చాలా అమ్ముడుపోక మిగిలిపోయాయి. 1955లో 700 చేసి ఊరుకొన్నారు. అంతటితో కార్వెట్టు కథ ముగిసేదే. అదే సమయములో ఫోర్డు కంపెనీ థండర్‌బర్డ్ అనే కారును దింపి అదే సంవత్సరములో పదహారు వేల పైన అమ్మింది. పోటీదారునికి చోటు వదలి పోవుటకు షెవ్రొలేవారి మనస్సు ఒప్పలేదు. ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టారు, 1956లో బాడీ మార్చి తలుపులకు పిడులు, అద్దాలు పెట్టారు. ఈ మార్పులలో జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు పాత్ర పెద్దది. ఆయన రష్యన్ దంపతులకు బెల్జియములో పుట్టి, యుద్ధకాలములో అమెరికాకు వలస వచ్చినవాడు. తొలి కార్వెట్టును ప్రదర్శనలో చూచి, కంపెనీకి ఉత్తరము వ్రాసి ఉద్యోగములో చేరాడు. 1996లో ఆయన మరణించిన తరువాత చితాభస్మమును బౌలింగ్ గ్రీన్ మ్యూజియములోనే ఉంచారు.

2023 అక్టోబరులో మేమిద్దరము నాష్‌విల్‌లోని మా అమ్మాయి ఇంట ఉన్నాము. మా అల్లుని ఆఫీసు స్నేహితుడొకాయన చాలాకాలముగా ఒక పాత కార్వెట్టు కొనాలని వెదకుచున్నాడు. బౌలింగ్ గ్రీన్‌కు ఇవతల ఒక పల్లెలో 1962 నాటి టాపు మడిచే కారు అమ్మకానికి ఉన్నదని తెలిసి చూడబోతూ, "అంకుల్, ఆంటీ, మీరు కూడ రండి, మ్యూజియము చూపిస్తాను" అన్నాడు. మొదట మ్యూజియము మాటకే బయలుదేరాము. చివరకు మనస్సులో నిలిచినది ఆ పల్లె ఇల్లు.

అమ్మేవాడు డెబ్బయి అయిదు దాటిన మనిషి. జీవితమంతా బడి బస్సులు రిపేరు చేసి రిటైరైనాడు. ఇంటి వెనుక రేకుల షెడ్డు. కప్పిన దుప్పటి తీయగానే బయటపడిన కారు రంగు ముదురు మెరూను, బాగా పండిన నేరేడుపండును నీళ్లలో కడిగినట్లుంది. ముందు నాలుగు దీపాలు, నడుమున ఎర్ర సీట్లు. ఈ కారును ఆయన చాలా ఏండ్ల క్రితము ఒక గడ్డివాములో నుండి కొన్నాడట. అప్పుడు దాని మీద మెరిసే ఎరుపు రంగు ఉన్నదట. ఎవరో మధ్యలో వేయించినది. ఎరుపు కారుకు గిరాకీ ఎక్కువ గనుక అలాగే ఉంచి అమ్ముకోమని అందరూ చెప్పారు. అయితే కారు పుట్టినప్పటి రంగు ఏదో ఆయనకు తెలుసుకోవాలనిపించింది. 1963 నుండి ఈ కార్లకు రంగు నెంబరు చెక్కిన చిన్న రేకు పెట్టారు గాని 1962 కారుకు అది లేదు. అందుచేత తలుపు లోపలి అట్ట విప్పి, ఎవరి కంటికీ ఆనని మూల సన్నని ఉప్పు కాగితముతో పొరలు పొరలుగా రుద్దాడు. ఎరుపు పోయింది, దాని క్రింద ఒక బూడిద రంగు, దాని క్రింద ఈ మెరూను. కంపెనీ దీనిని హోండూరాస్ మెరూన్ అనేది.

తొమ్మిది సంవత్సరాలు పట్టిందట పని. బాడీని ఛాసిస్ మీద నుండి పూర్తిగా ఎత్తి వేరు చేశాడు. ఫైబరు బాడీకి తుప్పు లేకపోయినా క్రింది ఛాసిస్ ఇనుమే గనుక అది చాలాచోట్ల తినివేసింది. ఫైబరు ముక్కలు అతికిన చోట్ల పాత లప్పము గీకి, మరల అతికి, నెలల తరబడి ఆరనిచ్చి, మరల రుద్ది, అప్పుడు రంగు వేశాడు. తొందరపడి వెంటనే రంగు వేస్తే రెండేండ్లకు అతుకు గీత పైకి తేలుతుందని చెప్పాడు. మన ఇటుక గోడకు తడి ఆరకముందే సున్నము కొట్టినట్లే గదా. మాలో ఒకరికి కుట్టుమిషను పని తెలుసు. గుడ్డ టాపు కుట్లను వ్రేలితో తడిమి, "ఇది ఎవరు కుట్టారు?" అని అడిగాము. ఆయన మొగము వికసించింది. "నా భార్య," అన్నాడు.

ఆమె ఇంటి వరండాలో చక్రాల కుర్చీలో కూర్చొని ఉన్నది. పక్షవాతము వచ్చి రెండు సంవత్సరాలైనదట. మమ్మును చూచి కుడిచేయి ఎత్తింది. ఈ కారులో ఆమెను ఎక్కించుట ఇక అసాధ్యము. సీటు నేలకు అంత క్రిందుగా ఉంటుంది. కుర్చీతో సహా ఎక్కించుకొనుటకు వెనుక వాలుబల్ల ఉన్న వ్యాను ఒకటి కావాలి. ఈ కారును అమ్మితే గాని అది రాదు. కుమారులిద్దరు దూరముగా ఉన్నారు, వారికి ఈ కారు మీద ఆసక్తి లేదు. ఇదంతా ఆయన ఏడ్పు గొంతుతో చెప్పలేదు. బస్సుకు బ్రేకులు ఎందుకు మార్చవలసి వచ్చిందో చెప్పినట్లు చెప్పాడు.

ఇక బేరము. ధర 70 వేల డాలర్ల పైచిలుకు చెప్పాడు. మన స్నేహితుడు బానెట్టు ఎత్తించి టార్చిలైటు తీసుకొని ఇంజను ముందుభాగమున కుడివైపు ఒక చదునైన చోటు మీద వేశాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన ఆర్.సి. పుస్తకములో ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు రెండు ఉన్నట్లే, 1960 నుండి కార్వెట్టు ఇంజను మీద ఆ కారు వరుస నెంబరును పోటు వేసేవారు. ఛాసిస్ మీద కూడ ఉంటుంది గాని సాధారణముగా బాడీ ఎత్తితే తప్ప సరిగా కనబడదు. రెండు కలిస్తే, ఇంజను ఆ కారుతో పుట్టినదే అని అర్థము. అటువంటి కారుకు ధర బాగా ఎక్కువ. అందుకని కొందరు పాత నెంబరును ఆకురాయితో గీకి క్రొత్త నెంబరు పోటు వేసి మోసము చేస్తారు. ఈ మోసమును పట్టుకొనుట ఒక విద్యయైనది. ఫ్యాక్టరీ యంత్రము ఆ చదును మీద మిగిల్చిన సన్నని గీతలు ఉన్నవా, అక్షరాల వరుస వంకర ఎంత, ఇవన్నీ భూతద్దము పెట్టి చూస్తారు. 1974లో మొదలైన కార్వెట్టు పునరుద్ధరణ సంఘమొకటి ఇటువంటి కార్లకు మార్కులు వేస్తుంది. ఫ్యాక్టరీలో పనివారు పొరపాటున రంగు చిందించిన చోట మరల అలాగే చిందించి ఉండాలట. లేకపోతే మార్కులు తగ్గుతాయి! అంత మెరుగుగా చేసినా తప్పే. ఈ నియమము మాకు కొంచెము అతిగానే తోచింది.

స్నేహితుడు టార్చి వేస్తూ ఉండగానే ఆ పెద్దాయన, "వెదకవద్దు, నెంబర్లు కలవవు," అన్నాడు. అసలు ఇంజను ఏనాడో పగిలిపోయిందట. ఇది అదే సంవత్సరపు అదే కొలతల ఇంజనే, 327 ఘనపుటంగుళాలది. కాని ఇంకొక కారుది. పోయిన నెలలో ఇంకొకడు చూచుటకు వచ్చి, నెంబరు సంగతి నాకు వదలిపెట్టు, నేను చూచుకొంటాను, అడిగినంత ఇస్తాను అన్నాడట. "అతడు దేనిని చూచుకొంటాడో నాకు తెలుసు. నేను అతనికి గేటు చూపించాను," అన్నాడు. వరండాలో కుర్చీని మేము చూచియున్నాము గనుక ఆ మాట విని కొంతసేపు మాకు నోట మాట రాలేదు. ఆయన మాత్రము గుడ్డతో బానెట్టు అంచు తుడుస్తున్నాడు.

కారు స్టార్టు చేసి రెండు మైళ్లు త్రిప్పి తెచ్చారు. ఇద్దరే పట్టుదురు గనుక మేము వరండాలో ఆమె ప్రక్క కూర్చొన్నాము. కారు కనబడకముందే దాని శబ్దము వినబడి ఆమె తల త్రిప్పింది. స్నేహితుడు ఆలోచించి చెప్తానని సెలవు తీసుకొన్నాడు.

అక్కడి నుండి మ్యూజియమునకు వెళ్లాము. ఫ్యాక్టరీకి ఎదురుగానే ఉంటుంది. 1994 సెప్టెంబరులో తెరిచారు. పసుపుపచ్చని పెద్ద గుమ్మటము మీద ఎర్రని స్తంభము పొడుచుకొని వచ్చి రోడ్డు మీద నుండే కనబడుతుంది. క్రొత్త కారు కొన్నవారు కోరుకొంటే దానిని ఇక్కడికే వచ్చి తీసుకొనే ఏర్పాటు కూడ ఉన్నది. మేము ఉండగానే ఒక కుటుంబము పసిపిల్లతో సహా తమ క్రొత్త కారు ప్రక్కన నిలబడి ఫోటోలు తీయించుకొంటున్నారు. రెండు సీట్ల కారులో ఆ పిల్ల ఎక్కడ కూర్చుంటుందో మాకు తెలియలేదు.

2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఆరు గంటలు కాకముందు ఆ గుమ్మటము నడిమి నేల కూలిపోయింది. క్రింద సున్నపురాతిలో ఉన్న గుహ పైకప్పు జారిపోయి, సుమారు 40 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు గొయ్యి పడి అందులోకి ఎనిమిది కార్లు పోయాయి. ఆ వేళకు లోపల ఎవరూ లేరు. కెమెరాలు మాత్రము తీశాయి. ఆ చిత్రమును మ్యూజియములో మరల మరల చూపుతారు. ముందు నేల కొంచెము దిగుతుంది, ఒక కారు ముక్కు వంచుతుంది, తరువాత అన్నీ ఒకదాని వెనుక ఒకటి, త్రోవ తెలిసినట్లు లోపలికి జారిపోతాయి. మా ఊరిలో పాత బావి ఒర కూలిన రోజు మాకు గుర్తుకు వచ్చింది.

క్రేనులతో ఎనిమిదింటిని పైకి తీశారు. బ్లూ డెవిల్ అనే నీలి కారును తీయగా, దాని ఇంజను స్టార్టయి తన చక్రాల మీద తానే బయటకు నడిచింది. మొదట కంపెనీవారు ఎనిమిది కార్లను బాగు చేయిస్తామన్నారు. తీసి చూచిన తరువాత ఆ మాట మార్చుకొన్నారు. మూడింటినే బాగు చేశారు. మిగిలిన అయిదింటిలో పాత భాగాలు మిగిలినవి చాలా తక్కువ. వాటిని బాగు చేయడమంటే ఆ పేరుతో వేరే కారు చేసి నిలబెట్టడమే. అందుచేత అవి నలిగినవి నలిగినట్లే మ్యూజియములో ఉన్నాయి. ఒకటి కారని గుర్తుపట్టుట కూడ కష్టము. జనము ఎక్కువగా నిలబడేది వీటి ముందరే.

బాగు చేసిన మూడింటిలో ఒకటి 1992 జూలైలో తయారైన పది లక్షలవ కార్వెట్టు. 1953 నాటి తొలి కార్ల గుర్తుగా దానికి కూడ పైన తెలుపు, లోపల ఎరుపు పెట్టి, టాపు మడిచే రకముగా చేశారు. దానిని మిచిగన్‌కు తీసికొనిపోయి విప్పితే ఒక సంగతి బయటపడింది. ఆనాటి పనివారు తాము బిగించిన భాగాల లోపలివైపు, ఎవరికీ కనబడని చోట తమ సంతకాలు చేసియున్నారు. పగిలిన భాగమును పారవేసి క్రొత్తది పెట్టుట తేలికే. కాని సంతకము పోతుంది. వీలైనంతవరకు పాత భాగాలనే అతికి వాడుకొన్నారు. మార్చక తప్పని చోట సంతకమును ప్రతి తీసి క్రొత్త భాగము మీద అతికించారు. 2015 సెప్టెంబరులో ఆ కారు తిరిగి వచ్చింది. ఒక కారు విషయములో కంపెనీవారు చేసిన పనులన్నిటిలో మాకు మిక్కిలి నచ్చినది ఇదే. ఎవరూ విప్పి చూడరు గదా, అయినా ఆ పేర్లు లోపల ఉన్నాయి.

మూడవది నల్లని 1962 కారు, ఉదయము మేము చూచిన దాని తోడబుట్టినదే. దీనిని మ్యూజియములోనే, వచ్చినవారు చూస్తుండగానే బాగు చేసి, కూలిన రోజుకు సరిగా నాలుగేండ్లకు, 2018 ఫిబ్రవరి 12న చూపించారు. మన స్నేహితుడు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఎక్కడ పగిలినది, ఎక్కడ అతికినది మా కంటికి కనబడలేదు.

గొయ్యిని కొంత తెరిచి ఉంచాలని కూడ మొదట ఆలోచించారు. చూచుటకు జనము వచ్చేవారు గాని ఖర్చు, ప్రమాదము ఎక్కువని రాతితో పూడ్చి 2015లో గుమ్మటమును మరల తెరిచారు. ఇప్పుడు అక్కడ నేల మీద గొయ్యి ఎంతవరకు పడినదో గీత గీసి ఉన్నది. ఆ గీత మీద నడుస్తూ అందరూ తమకు తెలియకుండానే మెల్లగా అడుగు వేయడము గమనించాము. ఆ ప్రాంతమంతా ఇటువంటి నేలే. కార్లు మరల ఆ గుమ్మటములోనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణములో స్నేహితుడు చాలాసేపు మాట్లాడలేదు. నాష్‌విల్ దీపాలు కనబడే వేళకు, "నెంబర్లు కలిసే కారు కావాలని ఆరేండ్ల నుండి వెదకుచున్నాను," అన్నాడు. అంతే. మేము ఏమీ అనలేదు. మనము అనవలసిన సంగతి కాదు, డబ్బు ఆయనది.

తరువాతి శనివారము ఆ మెరూను కారు ట్రాలీ మీద నాష్‌విల్‌కు వచ్చింది. ధరలో ఆ పెద్దాయన తానుగానే రెండు వేలు తగ్గించాడట. కారుతోబాటు ఒక అట్టపెట్టె కూడ ఇచ్చాడు. అందులో తొమ్మిదేండ్ల పని ఫోటోలు, కొన్న ప్రతి మేకుకు రసీదు, టాపు గుడ్డలో మిగిలిన ముక్క, కుట్టుటకు వాడిన దారపు ఉండ ఉన్నాయి. సీట్ల నడుమ ఉన్న చిన్న అరలో మడిచిన కాగితమొకటి దొరికింది. ఈ కారు ఇంజను ఈ కారుతో పుట్టినది కాదు, దీనిని ముందుముందు కొనే ప్రతివారికి ఈ కాగితము చూపవలెను అని పెద్ద అక్షరాలతో వ్రాసి, తేదీ వేసి, భార్యాభర్తలిద్దరు సంతకము చేశారు. ఆమె సంతకము వణుకుతూ కాగితము అంచు వరకు పోయింది. స్నేహితుడు దానిని మాకు చూపించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, తిరిగి ఆ అరలోనే ఉంచాడు.